గుర్రం ఆటల పేజీలో, కోడి నేరాల పేజీలో

భద్రాచలంలో చర్ల బస్సు ఎక్కినవాళ్లు టికెట్ తీసుకుని, సంచీ సర్దుకుని కూర్చునేలోపే రాష్ట్రం దాటిపోతారు. పట్టణం పొలిమేర దాటితే ఏటపాక, అంటే ఆంధ్రప్రదేశ్. ఇంకొంచెం ముందుకు పోతే దుమ్ముగూడెం మండలం, మళ్లీ తెలంగాణ. 2014లో పోలవరం ముంపు పేరుతో పాత ఖమ్మం జిల్లా నుంచి ఏడు మండలాలను అటు కలిపినప్పుడు పడిన గీత ఇది. ముందు ఆర్డినెన్స్ వచ్చింది, జులైలో పార్లమెంటు ముద్ర పడింది. రేషన్ కార్డుకూ పట్టాదారు పాస్‌పుస్తకానికీ ఆస్పత్రికీ ఏడాది పొడుగునా అవస్థ పెట్టే ఈ గీత, జనవరిలో ఓ మూడు రోజులు మాత్రం కొందరికి సిరులు కురిపిస్తుంది.

భోగి తెల్లారేసరికి ఇవతలి పోలీసులు కఠినంగానే ఉంటారు. అవతలి వైపు కఠినత్వం పత్రికా ప్రకటనల్లో ఉంటుంది. సత్తుపల్లి, అశ్వారావుపేట మీదుగా జీలుగుమిల్లి, జంగారెడ్డిగూడెం దిక్కుకీ, భద్రాచలం మీదుగా ఏటపాక, కూనవరం, చింతూరు దిక్కుకీ కార్లు కదులుతాయి. కోడిపందేల బరి ఎక్కడ పడిందో ఫోన్లలో ముందే తెలిసిపోతుంది. తెలియనివాడికి టీకొట్టు దగ్గర తెలుస్తుంది.

పండగ మూడు రోజుల జిల్లా పేజీలు పక్కపక్కన పరిచి చూడండి. కోడి గురించి రెండు గొంతులు వినబడతాయి. ఒకటి పండగ గొంతు. డేగ, కాకి, నెమలి, పర్ల, సేతువ, రసంగి, అబ్రాసు అని రంగులు వరసపెట్టి చెబుతుంది. పుంజుకు పెట్టిన బాదం, జీడిపప్పు, మాంసం కైమా, కొట్టించిన ఈతల గురించి రాస్తుంది. పల్నాటి నాగమ్మనూ బ్రహ్మనాయుణ్నీ పిలవకుండా ఆ కథనం ముగియదు. పాపం వాళ్లకు ఎనిమిది వందల ఏళ్లుగా ఏ సంక్రాంతికీ సెలవు లేదు. రెండోది ఠాణా గొంతు. "పందెం స్థావరంపై పోలీసుల దాడి, కోళ్లు, ద్విచక్ర వాహనాలు, నగదు స్వాధీనం." కోళ్లు ఎన్నో, బండ్లు ఎన్నో, నగదు ఎంతో మార్చుకుంటే చాలు, ఏ ఏడాదికైనా అదే వార్త పనికొస్తుంది. ఈ రెండు గొంతులూ ఒకే పత్రికలో, ఒక్కోసారి ఒకే పేజీలో ఉంటాయి. ఒకదాని మాట మరొకటి వినదు.

బ్రిటన్ పత్రికల్లో ఈమధ్య గుర్రప్పందేల గొడవలు చదువుతుంటే నాకు పదేపదే ఈ పేజీలే గుర్తొచ్చాయి. అక్కడా చాలాకాలం ఇలాగే రెండు గొంతులు. ఇప్పుడు అవి తలపడుతున్నాయి. ఆ తగువు మన దగ్గర ఇంకా మొదలు కాలేదన్నదే నా ఫిర్యాదు.

ఒకప్పుడు ఒకే పుస్తకంలో

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో గుర్రప్పందేల ఫలితాలను ఏడాదికోసారి పుస్తకంగా అచ్చేసేవారు. జాన్ చేనీ అనే ఆయన 1727లో అలాంటి జాబితా మొదలుపెట్టాడు. ఆ కాలపు రేసింగ్ క్యాలెండర్లలో గుర్రాల పక్కనే కోడిపందేల ఫలితాలూ ఉండేవి. న్యూమార్కెట్‌లో పగలు గుర్రాల మీద కాసిన దొరలే ఆ తర్వాత కోళ్ల మీదా కాసేవారు. రెండూ పెద్దమనుషుల వినోదాలే, రెండింటికీ అదే డబ్బు.

1835లో జంతుహింస చట్టం వచ్చింది. కోడిపందెం, ఎలుగుబంటి మీదికి కుక్కల్ని ఉసిగొల్పే ఆటలు నేరాలయ్యాయి. గుర్రం జోలికి ఎవరూ పోలేదు. గుర్రానికి జాకీ క్లబ్ ఉంది, డెర్బీ ఉంది, రాజకుటుంబం ఉంది. 1859లో 'స్పోర్టింగ్ లైఫ్' అనే పందేల పత్రిక పుట్టి దాదాపు నూట నలభై ఏళ్లు నడిచింది. 1986లో దానికి పోటీగా 'రేసింగ్ పోస్ట్' వచ్చింది. గుర్రం ఆటల పేజీకెక్కింది, కోడి పోలీసు రికార్డుకెక్కింది.

ఆ విభజన మనకు యథాతథంగా దిగుమతైంది. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం జూదం అంటే ఏమిటో చెబుతూ మట్కా, సట్టా, పందేలు అన్నిటినీ లోపలికి లాగింది. ఒక్క గుర్రాన్ని మాత్రం గుమ్మం బయటే ఉంచింది: రేసు జరిగే రోజున, ప్రభుత్వ అనుమతితో రేసు నిర్వాహకులు కేటాయించిన ఆవరణలో గుర్రం మీద కాస్తే అది జూదం కాదు. మలక్‌పేటలో తప్పు కానిది ఏటపాకలో తప్పు. రాష్ట్రం రెండైనా చట్టం సారం రెండు చోట్లా అదే.

మలక్‌పేట మైదానానికి నిజాముల నాటి చరిత్ర ఉంది. మౌలాలి దగ్గర జరిగే రేసులను ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ 1886లో తన మహలుకు దగ్గరగా అక్కడికి తెచ్చుకున్నాడు. హైదరాబాద్ రేస్ క్లబ్ దక్కన్ డెర్బీ తరచూ అక్టోబరు 2నే జరుగుతుంది. గాంధీ జయంతి నాడు కల్లు దుకాణం మూయాలి, డెర్బీకి మాత్రం అడ్డు లేదు. హైదరాబాద్ ఇంగ్లిష్ దినపత్రికలు రేసు రోజున ఏ పరుగులో ఏ గుర్రానికి అవకాశం ఉందో అంచనాలు అచ్చేస్తాయి. దాన్ని ఎవరూ జూదానికి సాయం అనరు, క్రీడా విశ్లేషణ అంటారు. సంక్రాంతికి మన పత్రికలు, వాటి వెబ్‌సైట్లు కుక్కుట శాస్త్రం ప్రకారం ఏ రోజు ఏ రంగు పుంజు గెలుస్తుందో వేస్తాయి. చేసేది అదే పని. దీనికి మాత్రం సంప్రదాయం అని పేరు.

నైపుణ్యం ఎవరిది?

1996 జనవరిలో కె.ఆర్. లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందెం అదృష్టం మీద కాదు, ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అని తేల్చింది. తమిళనాడు ప్రభుత్వం మద్రాస్ రేస్ క్లబ్ మీద వేసిన వేటుకు సంబంధించిన వ్యాజ్యం అది. గుర్రం పుట్టుక, పెంపకం, శిక్షణ, జాకీ నేర్పు, వీటన్నిటినీ బేరీజు వేసి కాస్తారు కాబట్టి అది గుడ్డి జూదం కాదని తర్కం. అంతకు చాలా ముందే, 1967లో, సికింద్రాబాద్ క్లబ్బు మీద పోలీసులు పడిన కేసులో అదే కోర్టు రమ్మీకీ ఇలాంటి యోగ్యతాపత్రం ఇచ్చింది.

ఈ తర్కాన్ని పందెం పుంజు పెంచేవాడికి వినిపిస్తే నవ్వుతాడు. జాతి చూసి పెట్టను కలపడం, పిల్లగా ఉన్నప్పుడే కాలూ కన్నూ చూసి ఏరడం, నెలల తరబడి మేత, నడక, ఈత, కాపడం, బరిలో ఎత్తు, బరువు చూసి జోడీ కట్టడం, చివరికి కత్తి కట్టేవాడి చేతివాటం. ఎత్తుడు దించుడు పందెం, చూపుడు పందెం, ముసుగు పందెం అని జోడీ కట్టే పద్ధతులకే వేర్వేరు పేర్లున్నాయి. నైపుణ్యమే కొలమానమైతే కోడి దగ్గర దానికి కరువేమీ లేదు.

తేడా కత్తిలో ఉంది. దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడాన్ని నేరమంది. 2014 మే నెలలో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు జంతువుల పోరాటాలను ఆపాలని ప్రభుత్వాలకు చెప్పింది. 2016 డిసెంబరులో ఉమ్మడి హైకోర్టు మండలాల వారీగా తనిఖీ బృందాలు వేయమంది. ఇన్ని ఆదేశాల వెనక ఉన్న అసలు చట్టంలో మొదటిసారి తప్పుచేసినవాడికి జరిమానా ఎంతో తెలుసా? పది రూపాయలకు తక్కువ కాకుండా, యాభై రూపాయలకు మించకుండా. కోడి కాలికి కట్టే కత్తి కూడా ఆ ధరకు రాదు.

ఏటా కోర్టు హెచ్చరిక వార్త మొదటి పేజీలో వేసే పత్రికలు ఈ పది రూపాయల సంగతి ఎందుకు రాయవో నాకు అర్థం కాదు. "ఉక్కుపాదం" అని శీర్షిక పెట్టాక పది రూపాయలు అని రాస్తే బాగుండదని కాబోలు.

లండన్‌లో తగువు

2023 ఏప్రిల్‌లో లివర్‌పూల్ దగ్గర ఎయింట్రీలో గ్రాండ్ నేషనల్ పరుగుకు ముందు జంతుహక్కుల ఉద్యమకారులు మైదానంలోకి చొరబడ్డారు. పరుగు పావుగంట దాకా ఆలస్యమైంది, 118 మందిని అరెస్టు చేశారు. పరుగు మొదలయ్యాక హిల్ సిక్స్‌టీన్ అనే గుర్రం తొలి కంచె దగ్గరే పడి చనిపోయింది. మర్నాటి పత్రికల్లో గెలిచిన గుర్రంతో పాటు చచ్చిన గుర్రం గురించీ రాశారు. మరుసటి ఏడాదికి పోటీలో గుర్రాల సంఖ్యను 40 నుంచి 34కు తగ్గించారు. కొరడా మీదా అలాంటి గొడవే నడిచింది. అడ్డంకుల పరుగులో ఏడు దెబ్బలు, చదును పరుగులో ఆరు, అంతకుమించితే జాకీకి శిక్ష. ఆ లెక్క కన్నా మరో నాలుగు కొడితే గెలిచిన గుర్రానికీ గెలుపు దక్కదు. 2021లో ఒక పేరున్న ఐరిష్ శిక్షకుడు చచ్చిన గుర్రం మీద కూర్చుని ఫోన్ మాట్లాడుతున్న ఫొటో బయటికొచ్చి అతని మీద నిషేధం పడింది. అదే ఏడాది బీబీసీ 'పనోరమా' రేసు గుర్రాల్లో కొన్ని చివరికి కబేళాకు ఎలా చేరుతున్నాయో చూపించింది.

వీటన్నిటి మధ్య 'రేసింగ్ పోస్ట్' లాంటి పత్రిక పరిస్థితి చూడదగ్గది. దాని పాఠకులు పందెం కాసేవాళ్లు, దాని ప్రకటనలు పందెం కంపెనీలవి. 2023లో ప్రభుత్వం జూదానికి కొత్త నియమాలు ప్రతిపాదించింది. స్తోమతకు మించి కాస్తున్నవారి ఆర్థిక స్థితి కంపెనీలు చూడాలన్నది అందులో ఒకటి. పత్రిక దానికి ఎదురుతిరిగింది, పెద్ద ప్రచారమే నడిపింది. వ్యతిరేక పిటిషన్‌కు లక్షకు పైగా సంతకాలు వచ్చి 2024 ఫిబ్రవరిలో పార్లమెంటులో చర్చ జరిగింది. ఆన్‌లైన్ జూదానికీ గుర్రప్పందేలకూ ఒకే పన్ను రేటు వేస్తారన్న మాట వినబడగానే 2025 సెప్టెంబరు 10న బ్రిటిష్ రేసింగ్ తనంతట తానే ఒకరోజు పరుగులు ఆపేసింది. నాలుగు చోట్ల పోటీలు రద్దయ్యాయి. నవంబరు బడ్జెట్లో ఆన్‌లైన్ క్యాసినోల పన్ను 21 నుంచి 40 శాతానికి ఎగబాకింది, గుర్రం 15 శాతం దగ్గరే మిగిలిపోయింది.

ఆ పత్రిక తటస్థంగా ఉందని ఎవరూ అనరు. కానీ అది ఏ పక్షాన నిలబడిందో పాఠకుడికి దాపరికం లేదు. దాని ఎదుట వేరే పత్రికలు నిలబడి జూదం వ్యసనంగా మారిన కుటుంబాల కథలు రాస్తున్నాయి. పందేల మీద వచ్చే లాభంలో కంపెనీలు ఆటకు చెల్లించే లెవీ ఏడాదికి 100 మిలియన్ పౌండ్లు దాటుతుంది, అది ఎక్కడికి పోతుందో లెక్క ఉంది. లెక్క ఉన్నచోట తగువు పడొచ్చు.

వందల కోట్లు, ఎవరు లెక్కపెట్టారు?

మన దగ్గర కనుమ మర్నాడు వచ్చే శీర్షిక "చేతులు మారిన వందల కోట్లు". ఏ చేతి నుంచి ఏ చేతికి? ఎవరు లెక్కపెట్టారు? ఆ అంకె బరి దగ్గర ఒకరి నోట పుట్టి, విలేకరి చెవిన పడి, డెస్కులో ఒక సున్నా చేర్చుకుని అచ్చవుతుంది. మలక్‌పేటలో గుర్రం మీద కాసే పందేనికి 2023 అక్టోబరు నుంచి పూర్తి మొత్తం మీద 28 శాతం జీఎస్టీ పడింది, 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. పుంజు మీద పడే పన్ను సున్నా. అందుకే పుంజుకు సంబంధించిన ఏ అంకెకూ కాగితం లేదు. కాగితం లేదు కాబట్టి ఏది రాసినా కాదనేవాడు లేడు.

నిజానికి లెక్కించదగ్గ డబ్బు బరి చుట్టూ ఉంది. పొలం ఎవరిది, మూడు రోజులకు ఎంత ఇచ్చారు, గుండాట బల్లలు ఎవరు పాడుకున్నారు, పేకాట టెంటు ఎవరిది, మందు ఎక్కడి నుంచి దిగింది, అప్పు ఇవ్వడానికి బరి పక్కనే కూర్చున్న మనిషి వడ్డీ ఎంత. కోడి కంటే గుండాటలోనే ఎక్కువ మంది జేబులు ఖాళీ అవుతాయని ఆ ప్రాంతంలో ఎవర్నడిగినా చెబుతారు. కానీ గుండాటకు రంగురంగుల ఈకలుండవు, ఫొటో బాగా రాదు.

ఇందులో విలేకరిని ఒక్కణ్నే నిలదీయడం అన్యాయం. 1980ల చివర్లో మన పత్రికలు జిల్లాకో అనుబంధం తెచ్చాక ప్రతి మండలానికీ ఒక విలేకరి పుట్టాడు. వార్త పల్లెకు వెళ్లింది, గొప్ప సంగతే. జీతం మాత్రం ఆ వెంట వెళ్లలేదు. పండగకు, నాయకుల పుట్టినరోజుకు ప్రకటనలు తేవాల్సిన బాధ్యత కూడా అదే విలేకరి నెత్తిన పడింది. సంక్రాంతి శుభాకాంక్షల ప్రకటన ఇచ్చిన నాయకుడే భోగి నాడు బరి ప్రారంభిస్తాడు. మూడు రోజులాగి ఆయన బరి లెక్కలు అడగమంటే అడుగుతాడా? లండన్ పత్రికకు పందెం కంపెనీ ప్రకటన ఎలాంటిదో, మండల విలేకరికి ఆ అరపేజీ అలాంటిది. అక్కడ ప్రకటన కింద కంపెనీ పేరు ఉంటుంది, ఇక్కడ చిరునవ్వుతో చేతులు జోడించిన ఫొటో ఉంటుంది.

గీతకు అవతల, సంత పక్కన

ఇదంతా రోడ్డు మీది కోడి. అడవిలో కోడి వేరు. శబరి వెంట కుంట వైపు, ఇటు చర్ల ఎగువన, వరి కోతలయ్యాక కోయ గూడేల్లో, వారం సంతల పక్కన చెట్ల కింద పందేలు సాగుతాయి. బస్తర్‌లో ముర్గా బజార్ అనేది సంతలో ఒక భాగమే. అక్కడ ఎల్‌ఈడీ తెరలుండవు, ఎమ్మెల్యే రాడు. ఊరికీ ఊరికీ పలకరింపు, కొద్ది డబ్బు, ఇప్పసారా, ఓడిన కోడి గెలిచినవాడి కూర. కత్తి అక్కడా ఉంది, నెత్తురు అక్కడా కారుతుంది. దాన్ని అమాయకమైన గిరిజన వేడుకగా రంగులద్దడం నాకిష్టం లేదు. కానీ దీన్నీ, మూడు రోజుల కోసం పొలం చదును చేసి ఫ్లడ్‌లైట్లు పెట్టిన బరినీ ఒకే మాటతో రాయడం తప్పు.

పత్రికకు ఆ అడవి కోడి రెండు సందర్భాల్లోనే కనబడుతుంది: పోలీసులు దాడి చేసినప్పుడు, లేదా పందెం గుంపులో జవాను మీద మావోయిస్టుల దాడి జరిగినప్పుడు. మిగతా ఏడాదంతా ఆ సంత మన మ్యాపులో లేదు. ఇంకో విషయం. గోదావరి జిల్లాల నుంచి పెట్టుబడి, అలవాట్లు, గుండాట బల్లలు ఏడు మండలాల్లోకి ఎక్కువవుతున్న కొద్దీ అక్కడ పోడు చేసుకునే కుర్రాడు ఏ బరి దగ్గర నిలబడుతున్నాడు, ఎంత అప్పు మోస్తున్నాడు అన్నది భద్రాచలంలో కూర్చుని రాయగలిగిన వార్తే. నాకు తెలిసి దాన్ని ఏ సంక్రాంతి సంచికా ముఖచిత్రం చేయలేదు.

మన కోడి ప్రపంచమంతా ఒకసారి తిరిగింది. 2021 ఫిబ్రవరిలో జగిత్యాల జిల్లా లొత్తునూరులో ఒక వ్యక్తి పందేనికి తెచ్చిన తన కోడి కాలి కత్తి తగిలి నెత్తురు పోయి చనిపోయాడు. పోలీసులు కోడిని ఠాణాకు తెచ్చి కొంతకాలం మేపారు. బీబీసీ సహా దేశదేశాల వార్తాసంస్థలు రాశాయి: యజమానిని చంపిన పుంజు, పోలీసుల అదుపులో పుంజు. మనమూ అలాగే రాసుకున్నాం. ఖమ్మం జిల్లా ముదిగొండ ఠాణాలో వారాల తరబడి లాకప్‌లో ఉన్న రెండు పుంజుల వార్త కూడా అంతే ముచ్చటగా నడిచింది. తెచ్చినవాళ్లకు బెయిలొచ్చింది, కోళ్లకు రాలేదు అని నవ్వుకున్నాం. చనిపోయిన మనిషి ఇంట్లో ఏమైందన్నది ఆ నవ్వులో ఇమడలేదు. గ్రాండ్ నేషనల్‌లో పడిపోయిన గుర్రానికి లండన్ పత్రికల్లో పేరుంది, వయసుంది, శిక్షకుడి మాట ఉంది. లొత్తునూరు మనిషి ప్రపంచానికి పుంజు యజమాని, అంతే.

లండన్ పత్రికలు మనకన్నా మంచివని చెప్పడం నా ఉద్దేశం కాదు. కబేళా సంగతి టీవీ చూపించేదాకా అక్కడి రేసు పేజీలూ చూసీ చూడనట్టే ఉన్నాయి. కానీ చూపించాక, ఆటల పేజీవాడు తన పేజీలోనే జవాబు రాయాల్సి వచ్చింది. మన పండగ పేజీ రాసినవాడిని ఠాణా వార్త రాసినవాడు ఏమీ అడగడు. ఇద్దరూ చాలాసార్లు ఒకే మనిషి.

జనవరి 17 తర్వాత జిల్లా పేజీలు తిరగేయండి. ఓడినవాడు బండి ఎక్కడ తాకట్టు పెట్టాడో, గుండాట బల్ల దగ్గర పంట డబ్బు ఎంత పోయిందో, అరెస్టయినవాళ్లలో ఎందరు పది రూపాయలు కట్టి బయటికొచ్చారో ఉండదు. పంతంగి టోల్‌ప్లాజా దగ్గర హైదరాబాద్ వైపు ఎన్ని వాహనాలు దాటాయో మాత్రం గంట గంటకూ లెక్క ఉంటుంది.